బాలయోగి స్టేడియం: ఒక పేరు, ఒక మైదానం, మన వాటా

2002 మార్చి 3. భీమవరం నుంచి బయల్దేరిన హెలికాప్టర్ అప్పటి కృష్ణా జిల్లా కైకలూరు దగ్గర, కొవ్వాడలంక చేపల చెరువులో కూలిపోయింది. లోక్‌సభ స్పీకర్ గంటి మోహనచంద్ర బాలయోగి, పైలట్, భద్రతా అధికారి ముగ్గురూ చనిపోయారు. బాలయోగి వయసు అప్పటికి యాభై ఏళ్లు. స్పీకర్ కుర్చీలో కూర్చున్న మొదటి దళితుడు ఆయన.

మాది చల్లపల్లి. అప్పటికి మేం బడి పిల్లలం. ఆ రోజు మా పేటలో టీవీ ఉన్న ఇంటి ముందు పెద్దవాళ్లంతా మాటా పలుకూ లేకుండా కూర్చోవడం మాకు గుర్తుంది. ఆయన పార్టీకి ఓటు వేయని వాళ్లు కూడా అక్కడ ఉన్నారు. ‘మనోడు’ అన్న మాట ఆ రోజు చాలాసార్లు విన్నాం.

ఆయన పేరు ఇప్పుడు ముఖ్యంగా మూడు చోట్ల కనిపిస్తుంది. పార్లమెంటు గ్రంథాలయ భవనంలోని ఆడిటోరియం ఒకటి. యానాం, ఎదుర్లంకల మధ్య గౌతమీ గోదావరి మీద కట్టిన వంతెన రెండోది. మూడోది హైదరాబాద్ గచ్చిబౌలిలోని స్టేడియం. మొదటిది సామాన్యుడు అడుగుపెట్టే చోటు కాదు. రెండోది దాటి వెళ్లిపోయేది. జనం వేల సంఖ్యలో వచ్చి, టికెట్ కొని, గంటల తరబడి కూర్చుని, కేకలు వేసే చోటు మూడోదే. ఈ వ్యాసం దాని గురించి. అది ఎలా వచ్చింది, అక్కడ ఏం జరిగింది, దాని పేరు మన నాలుక మీద ఎందుకు నిలవలేదు, ఆ పేరుతో మనకున్న హక్కు ఏమిటి అన్న ప్రశ్నలకు దొరికినంత సమాచారం ఒకచోట పెడుతున్నాం.

ఒక్క చూపులో

పూర్తి పేరు: జి.ఎం.సి. బాలయోగి అథ్లెటిక్ స్టేడియం.
ఎక్కడ: హైదరాబాద్, గచ్చిబౌలి, పాత ముంబై రహదారి పక్కన.
ఎప్పుడు: 2002 డిసెంబరులో జరిగిన 32వ జాతీయ క్రీడల నాటికి సిద్ధమైంది.
కూర్చునే చోటు: సుమారు 30,000 మందికి.
ఏముంది: మధ్యలో ఫుట్‌బాల్ మైదానం, చుట్టూ పరుగుల ట్రాక్.

బాలయోగి ఎవరు

1951 అక్టోబరు 1న తూర్పు గోదావరి జిల్లా ఎదుర్లంకలో పుట్టారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎం.ఏ., న్యాయశాస్త్రం చదివి కాకినాడలో వకీలుగా పనిచేశారు. మేజిస్ట్రేట్ ఉద్యోగం వచ్చినా వదులుకుని రాజకీయాల్లోకి వచ్చారు. 1987లో తూర్పు గోదావరి జిల్లా ప్రజా పరిషత్ అధ్యక్షుడయ్యారు. 1991లో అమలాపురం నుంచి తెలుగుదేశం తరఫున లోక్‌సభకు వెళ్లారు. 1996లో ఓడిపోయారు. తర్వాత ముమ్మిడివరం ఉప ఎన్నికలో గెలిచి రాష్ట్రంలో ఉన్నత విద్యా శాఖ మంత్రిగా పనిచేశారు. 1998 మార్చి 24న స్పీకర్‌గా ఎన్నికయ్యారు. 1999 అక్టోబరులో రెండోసారి ఆ పదవికి వచ్చారు.

1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ప్రభుత్వం 269–270 తేడాతో, ఒక్క ఓటుతో పడిపోయినప్పుడు సభను నడిపింది ఆయనే. ఒడిశా ముఖ్యమంత్రి అయ్యాక కూడా ఎంపీగా కొనసాగుతున్న గిరిధర్ గమాంగ్ ఓటు వేయవచ్చా లేదా అన్న గొడవ వచ్చింది. ఆ నిర్ణయాన్ని బాలయోగి గమాంగ్ మనస్సాక్షికే వదిలేశారు. తన పార్టీ నిలబెడుతున్న ప్రభుత్వమే ఆ ఓటుతో కూలింది. ఆ తీర్పు మీద వాదనలు నేటికీ ఉన్నాయి. మాకు ముఖ్యమైంది వేరే. దేశం ఊపిరి బిగబట్టి చూస్తున్న సభలో అందరూ ‘స్పీకర్ గారూ’ అని లేచి నిలబడి మాట్లాడాల్సి వచ్చిన మనిషి కోనసీమ దళితుడు. ఆ దృశ్యం విలువ ఏమిటో మా తాతలకు ఎవరూ వివరించి చెప్పనక్కర్లేదు.

అంతకు ముందున్న మైదానాలు

గచ్చిబౌలి స్టేడియం రాక ముందే హైదరాబాద్ ఫుట్‌బాల్‌కు పెద్ద చరిత్ర ఉంది. అది తెలియకపోతే ఈ స్టేడియానికి ఏం వారసత్వంగా వచ్చిందో అర్థం కాదు.

నగరం నడిబొడ్డున ఉన్నది ఫతే మైదాన్. 1687లో గోల్కొండను ముట్టడించిన మొగలు సైన్యం అక్కడ దిగిందని, ఆ విజయం పేరే మైదానానికి నిలిచిందని చెబుతారు. 1967లో దానికి లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టారు. జనం ఎల్‌బీ స్టేడియం అంటారు. ఆటకు ఎంత పేరుందో, రాజకీయానికీ దానికి అంతే పేరుంది. 1983 జనవరి 9న ఎన్టీఆర్, 2004 మేలో వై.ఎస్. రాజశేఖరరెడ్డి, 2023 డిసెంబరు 7న రేవంత్ రెడ్డి ముఖ్యమంత్రులుగా ప్రమాణం చేసింది అక్కడే. తెలుగు నేల మీద అధికారం చేతులు మారేటప్పుడు జనాన్ని సాక్షిగా కూర్చోబెట్టిన గ్యాలరీ అది.

ఫుట్‌బాల్ మాత్రం ఒక్క స్టేడియంలో పుట్టలేదు. గోషామహల్ పోలీసు మైదానం, సికింద్రాబాద్ జింఖానా, బార్కాస్, కంటోన్మెంట్ బస్తీల ఖాళీ స్థలాలు దాన్ని పెంచాయి. బడి పంతులుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాద్ సిటీ పోలీసు జట్టును తీర్చిదిద్దారు. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు ఆ జట్టు రోవర్స్ కప్ గెలిచింది. రహీం శిక్షణలో భారత జట్టు 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. హైదరాబాద్ రాష్ట్ర జట్టు 1956–57, 1957–58లలో సంతోష్ ట్రోఫీ గెలిచింది.

ఆ జట్లలో ఆడిన వాళ్లు ఎవరు? ఎక్కువ మంది ముస్లిం బస్తీల పిల్లలు, పోలీసు జవాన్లు, కంటోన్మెంట్‌లో చిన్న ఉద్యోగాలు చేసుకునే కుటుంబాల వాళ్లు. తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పేద తమిళ కుటుంబంలో పుట్టారు. బూట్లు కొనే స్తోమత లేక, పాత బూట్లు సంపాదించి చెప్పులు కుట్టే ఆయన చేత ఫుట్‌బాల్ బూట్లుగా మార్పించుకున్నానని ఆయన ముఖాముఖిల్లో చెప్పేవారు. ఆ బూట్లతో మొదలైన మనిషి ఒలింపిక్స్‌లో ఆడారు, 1962 స్వర్ణ జట్టులో ఉన్నారు. 2023 ఫిబ్రవరిలో కన్నుమూశారు.

ఆ బూట్లు మార్చి కుట్టిన ఆయన పేరు మాత్రం ఏ చరిత్రలోనూ లేదు. భారతదేశంలో తోలు పని ఎవరి మీద మోపారో, ఆ పని చేసినందుకు వాళ్లను ఎక్కడ కూర్చోబెట్టారో మన పాఠకులకు కొత్తగా చెప్పక్కర్లేదు. బంతి తోలుదే, బూటు తోలుదే. తోలును బంతిగా, బూటుగా మార్చిన చేతులు ఆట చరిత్రలో కనిపించవు.

జాతీయ క్రీడల నుంచి సంతోష్ ట్రోఫీ దాకా

2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జాతీయ క్రీడలకు ఆతిథ్యం ఇచ్చింది. బాలయోగి చనిపోయిన ఏడాదే అది. గచ్చిబౌలిలో సిద్ధమైన పెద్ద స్టేడియానికి ఆయన పేరు పెట్టారు. 2003లో ఆఫ్రో ఏషియన్ క్రీడలు, 2007లో ప్రపంచ సైనిక క్రీడలు హైదరాబాద్‌కు వచ్చినప్పుడు ఈ ప్రాంగణమే కేంద్రం.

తర్వాత చాలా ఏళ్లు అక్కడ సందడి తగ్గింది. 2019లో ఇండియన్ సూపర్ లీగ్‌లోకి హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. ఆ ఏడాది నవంబరు 2న ఇదే మైదానంలో కేరళ బ్లాస్టర్స్‌ను 2–1తో ఓడించి లీగ్‌లో మొదటి గెలుపు అందుకుంది. కోవిడ్ కాలంలో లీగ్ మొత్తం గోవాకు మారింది. 2022 మార్చి 20న హైదరాబాద్ జట్టు ఛాంపియన్ అయినప్పుడు ఆ ఫైనల్ గోవాలోనే జరిగింది. సొంత గ్యాలరీ ఆ కప్పును కళ్లారా చూడలేదు. ఆ తర్వాత క్లబ్బు డబ్బు ఇబ్బందుల్లో పడింది. 2025లో జట్టును ఢిల్లీకి తరలించి పేరు కూడా మార్చారు. క్లబ్బులు వస్తాయి, పోతాయి. మైదానం ఉంటుంది.

2024 ఈ స్టేడియానికి పెద్ద ఏడాది. సెప్టెంబరులో భారత్, సిరియా, మారిషస్ జట్లతో ఇంటర్‌కాంటినెంటల్ కప్ జరిగింది. సిరియా గెలిచింది. నవంబరు 18న భారత్, మలేషియా 1–1తో సమంగా ముగించాయి. డిసెంబరు 31న సంతోష్ ట్రోఫీ ఫైనల్. బెంగాల్, కేరళ తలపడ్డాయి. తొంభై నిమిషాలు గోల్ లేదు. అదనంగా ఇచ్చిన నిమిషాల్లో బెంగాల్ ఆటగాడు రబీ హన్స్‌దా గోల్ కొట్టాడు. 1–0. బెంగాల్‌కు అది 33వ ట్రోఫీ. ఆ టోర్నీలో 12 గోల్స్‌తో అందరికంటే ముందున్న రబీ, సంతాల్ ఆదివాసీ యువకుడు. దళిత నాయకుడి పేరున్న మైదానంలో ఏడాది చివరి రాత్రి ఒక ఆదివాసీ కాలి నుంచి దేశపు పాత ట్రోఫీ ఖరారైంది. మరునాటి వార్తల్లో ఈ రెండు మాటలను కలిపి రాసినవాళ్లు మాకు కనిపించలేదు.

పక్కపక్కన కూర్చోవడం

స్టేడియం అనగానే ఆటగాళ్లే గుర్తొస్తారు. మన దృష్టిలో గ్యాలరీ కూడా అంతే ముఖ్యం. టికెట్ కొన్న మనిషి ఎవరి పక్కనైనా కూర్చోవచ్చు. గోల్ పడగానే పేరూ ఊరూ తెలియని మనిషి భుజం మీద చెయ్యేస్తాడు. ఇది చిన్న విషయంలా అనిపించవచ్చు. కృష్ణా డెల్టాలో పుట్టిన వాళ్లకు అది చిన్న విషయం కాదు.

మాకు నదికి అవతలి ఒడ్డున, గుంటూరు వైపు డెల్టాలో చుండూరు ఉంది. 1991లో అక్కడ గొడవ రాజుకున్నది ఒక సినిమా హాల్లో. ముందు సీటులో ఉన్న పెత్తందారీ కులం మనిషికి వెనక కూర్చున్న దళిత యువకుడి కాలు తగలడం నేరమైంది. ఆ ఏడాది ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపారు. వినోదం కోసం అందరూ చేరే చోట, వరసలో పక్కపక్కన కూర్చోవడం దగ్గరే కులం తన గీత గీసింది. 2007లో ప్రత్యేక కోర్టు వేసిన శిక్షలను 2014లో హైకోర్టు కొట్టేసింది.

ఆట మైదానంలోనూ అదే గీత ఉండేది. పల్వంకర్ బాలూ పుణెలో క్రికెట్ క్లబ్బు మైదానంలో పనివాడిగా మొదలై గొప్ప స్పిన్ బౌలర్ అయ్యారు. చర్మకార కులం. హిందూ జట్టుకు వికెట్లు తీసిపెట్టిన మనిషికి విరామంలో టీ మాత్రం పెవిలియన్ బయట, విడిగా మట్టి ముంతలో ఇచ్చేవారు. 1911లో భారత జట్టు ఇంగ్లండ్ వెళ్లినప్పుడు ఆ పర్యటనలో వంద వికెట్లకు పైగా తీశారు. అయినా హిందూ జట్టు నాయకత్వం ఆయనకు దక్కలేదు. ఆ గౌరవం 1923లో తమ్ముడు విఠల్‌కు దక్కింది. బంతి వేయడానికి పనికొచ్చిన చెయ్యి కప్పు పట్టుకోవడానికి పనికి రాలేదన్న మాట.

అందుకే రాజ్యాంగం ఈ చోట్ల గురించి విడిగా మాట్లాడింది. 15వ అధికరణం రెండో భాగం దుకాణాలు, హోటళ్లతో పాటు ప్రజా వినోద స్థలాల్లోకి వెళ్లడాన్ని కులం పేరుతో ఎవరూ అడ్డుకోకూడదంటుంది. ప్రభుత్వ సొమ్ముతో నడిచే, ప్రజలు చేరే స్థలాలకూ అదే రక్షణ ఇచ్చింది. 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం నాలుగో సెక్షన్‌లో వినోద స్థలాల ప్రస్తావన ఉంది. 1989 అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ, ఎస్సీ, ఎస్టీలను ప్రజా వినోద స్థలంలోకి గానీ మరే బహిరంగ స్థలంలోకి గానీ రానీయకుండా అడ్డుకోవడాన్ని అత్యాచారంగా చేర్చింది. ఊరి బడి మైదానంలో ‘మీ పిల్లలు ఇటు రాకండి’ అన్న మాట వినిపించినప్పుడు ఈ మూడూ చేతిలో ఉండాలి. కార్యకర్తలు గుడి, బావి, శ్మశానం కేసుల్లో ఈ సెక్షన్లు వాడిన అనుభవం ఉన్నవాళ్లే. ఆట స్థలాల కోసమూ అవి పనికొస్తాయి.

‘గచ్చిబౌలి స్టేడియం’ అంటే తప్పా?

మేం కొందరం కలిసి 2024లో ఒక మ్యాచ్ చూడ్డానికి వెళ్లాం. ‘బాలయోగి స్టేడియం’ అంటే ఆటో ఆయనకు తెలియలేదు. ‘గచ్చిబౌలి స్టేడియమా, అట్లా చెప్పండి’ అన్నాడు. గ్యాలరీలో మా పక్కన కూర్చున్న ఇంజినీరింగ్ విద్యార్థులను అడిగితే, బాలయోగి అంటే ఎవరో యోగా గురువు అనుకున్నామన్నారు. వాళ్లది ఎగతాళి కాదు. ఎవరూ చెప్పలేదు, అంతే.

ఇక్కడ న్యాయంగా మాట్లాడాలి. జనం స్థలం పేరుతో పిలవడం సహజం. రాజీవ్ గాంధీ పేరున్న క్రికెట్ స్టేడియాన్ని కూడా ఉప్పల్ స్టేడియం అనే అంటారు. దాన్ని ఎవరి మీదా కుట్రగా చూపడం మాకు ఇష్టం లేదు. కానీ రాజీవ్ గాంధీ పేరు ఉప్పల్‌లో మరుగున పడినా విమానాశ్రయం మీద ఉంటుంది, రోడ్డు మీద ఉంటుంది, బడి పుస్తకంలో ఉంటుంది. బాలయోగి పేరు గచ్చిబౌలిలో మరుగున పడితే హైదరాబాద్ నగరంలో దాదాపు మాయమైనట్టే. తేడా అక్కడ ఉంది.

తెలుగు నేల మీద స్టేడియాల పేర్లు ఒకసారి తిరగేయండి. విజయవాడలో ఇందిరా గాంధీ, గుడివాడలో ఎన్టీఆర్, విశాఖలో రాజశేఖరరెడ్డి, యూసుఫ్‌గూడలో కోట్ల విజయభాస్కరరెడ్డి. ఆ వరసలో బాలయోగి పేరు ఎంత ఒంటరిగా ఉందో కనిపిస్తుంది.

దేశంలో మరో ఉదాహరణ ఢిల్లీ గేట్ దగ్గరున్న అంబేడ్కర్ స్టేడియం. ఢిల్లీ ఫుట్‌బాల్‌కు అదే ఇల్లు. 2008లో ఏఎఫ్‌సీ ఛాలెంజ్ కప్ హైదరాబాద్‌లో జరిగింది. వానలకు ఎల్‌బీ స్టేడియం తడిసి ముద్దవడంతో ఫైనల్‌ను ఢిల్లీకి, అంబేడ్కర్ స్టేడియానికి మార్చారు. ఆగస్టు 13న సునీల్ ఛెత్రి మూడు గోల్స్ కొట్టగా భారత్ 4–1తో తజికిస్తాన్‌ను ఓడించింది. ఆ గెలుపుతోనే 1984 తర్వాత మొదటిసారి ఆసియా కప్‌కు అర్హత దొరికింది. ఢిల్లీలో ఫుట్‌బాల్ చూసేవాళ్లు ‘అంబేడ్కర్‌లో మ్యాచ్ ఉంది’ అని మామూలుగా అనేస్తారు. పేరు నాలుక మీద నిలవడం సాధ్యమేనని అక్కడ తెలుస్తుంది.

చుట్టూ ఉన్న భూమి

గచ్చిబౌలిలో మైదానం కంటే భూమి కథే పెద్దది. 2003లో అప్పటి ప్రభుత్వం క్రీడా వసతుల పేరుతో ఐఎంజీ అకాడమీస్ భారత అనే సంస్థకు కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాలు కేటాయించింది. 2006లో తర్వాతి ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది. కేసు 2024 దాకా కోర్టుల్లో నడిచి ప్రభుత్వం గెలిచింది. 2025లో అదే భూమిని అభివృద్ధి చేస్తామంటూ యంత్రాలతో చెట్లు కొట్టడం మొదలుపెట్టారు. పక్కనే ఉన్న హైదరాబాద్ విశ్వవిద్యాలయం విద్యార్థులు అడ్డం నిలబడ్డారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆ పనులు ఆపించింది. ఇరవై ఏళ్ల కిందట ‘ఆట కోసం’ అన్నారు, తర్వాత ‘అభివృద్ధి కోసం’ అన్నారు. పేద పిల్లలు పరుగెత్తే మైదానం కోసం అన్నవాళ్లు రెండుసార్లూ లేరు.

2020లో స్టేడియం పక్కన క్రీడాకారుల వసతికి కట్టిన బహుళ అంతస్తుల భవనాన్ని కోవిడ్ ఆస్పత్రిగా మార్చారు. ఆపదలో ఆ పని అవసరమే. అయితే ఆట కోసం కట్టింది ఏ అవసరం వచ్చినా ముందుగా గుర్తొస్తుందని, మళ్లీ ఆటకు తిరిగి రావడానికి ఆలస్యం అవుతుందని కూడా అది చూపించింది.

అదే రోడ్డు మీద ఉన్న విశ్వవిద్యాలయం గురించి ఇంకో మాట చెప్పకుండా ముందుకు పోలేం. 2015 చివర్లో ఐదుగురు దళిత పరిశోధక విద్యార్థులను హాస్టళ్ల నుంచి, క్యాంపస్‌లో అందరూ చేరే చోట్ల నుంచి బహిష్కరించారు. వాళ్లు ఆరుబయట గుడారం వేసుకుని దానికి ‘వెలివాడ’ అని పేరు పెట్టారు. వాళ్లలో ఒకరైన రోహిత్ వేముల 2016 జనవరి 17న ప్రాణం తీసుకున్నారు. దళితుడి పేరు పెట్టుకున్న స్టేడియానికి కూతవేటు దూరంలో దళిత విద్యార్థులకు ఉమ్మడి స్థలం లేకుండా పోయింది. పేరు ఒక్కటే సరిపోదని మేం అనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

డెల్టాలో మైదానం ఎక్కడుంది

ఇప్పుడు మా ఊరి వైపు వద్దాం. చల్లపల్లి జమీందారు కోట ఉన్న ఊరు, జమీందారీ భూముల కోసం పేదలు కొట్లాడిన ఊరు. చుట్టూ కనుచూపు మేర చదునైన నేల. చూసేవాళ్లు ‘ఇంత నేల ఉంటే పిల్లలకు ఆడుకోవడానికి లోటేముంది’ అనుకుంటారు. కానీ ఆ నేల ఎవరిది? వరి కోత ముందే చేలో మినుములు చల్లుతారు. వరి ఎత్తేసరికి కింద మొలక ఉంటుంది. ఆ చేలో కాలు పెడితే తిట్లు తినాలి. మినుము పీకాక, కాలువలు కట్టేసిన ఎండాకాలంలో మాత్రమే పొలం ఆట స్థలమవుతుంది. మిగతా కాలమంతా పేట ముందు రోడ్డు, కాలువ గట్టు, బడి ఆవరణ. బడి గేటుకు సాయంత్రం తాళం పడితే అదీ లేదు. మేం పెరిగిన రోజుల్లో ఆట అంటే ఎవరో ఒకరు వచ్చి లెమ్మనే దాకా జరిగేది.

భూమి లేనివాళ్లకు మైదానం ఉండదు. దళితవాడలో ఆట సమస్య, మూలంలో భూమి సమస్యే. ఇళ్ల స్థలాల కోసం, శ్మశానాల కోసం దరఖాస్తులు పెట్టేటప్పుడు ఆట స్థలం కూడా అందులో రాయాలని మేం అంటున్నది అందుకే.

చోటు, శిక్షణ, తిండి ఇస్తే ఏమవుతుందో చూపించే ఉదాహరణలు తెలుగు నేల మీదే ఉన్నాయి. అనంతపురంలో విన్సెంట్ ఫెర్రర్ 1969లో ప్రారంభించిన గ్రామీణాభివృద్ధి సంస్థ ఆర్‌డీటీ, ఎక్కువగా దళిత, వెనుకబడిన కుటుంబాల మధ్య పనిచేస్తూ అనంతపురం క్రీడా గ్రామాన్ని నిర్మించింది. పల్లె పిల్లలు అక్కడ ఉండి చదువుకుంటూ ఫుట్‌బాల్ నేర్చుకుంటున్నారు, ఆడపిల్లలతో సహా. తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులాల నుంచి ఆదివాసీ బాలిక మాలావత్ పూర్ణ, దళిత బాలుడు ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కారు. నిజామాబాద్ లంబాడీ తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య భారత మహిళా ఫుట్‌బాల్ జట్టులో ఆడుతోంది. వీళ్లను ‘అసాధారణ ప్రతిభ’ అని పొగిడి వదిలేయడం తేలిక. వీళ్లకు దొరికినవి మామూలు వసతులు. వసతులు దొరకని వేలమంది సంగతేమిటన్నదే ప్రశ్న.

ఏం అడగాలి

మొదటిది, పేరు. టికెట్ మీద, తెర మీద ‘జి.ఎం.సి. బాలయోగి’ అని ఉంటుంది గానీ ఆయన ఎవరో చెప్పే పలక ప్రధాన ద్వారం దగ్గర, తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషులో పెద్దగా కనిపించాలి. ఏటా మార్చి 3న, అక్టోబరు 1న ఆ మైదానంలో హాస్టల్ పిల్లల ఫుట్‌బాల్ పోటీ పెట్టమని రెండు రాష్ట్రాల క్రీడా శాఖలనూ అడగాలి. మనం రాసేటప్పుడు, మాట్లాడేటప్పుడు ‘బాలయోగి స్టేడియం’ అనే అందాం. అలవాటు అలాగే పుడుతుంది.

రెండోది, లెక్క. ఆ మైదానం ఏడాదిలో ఎన్ని రోజులు క్రీడాకారులకు ఇస్తున్నారు, ఎన్ని రోజులు ఇతర కార్యక్రమాలకు అద్దెకు ఇస్తున్నారు, ప్రభుత్వ హాస్టళ్ల, గురుకులాల పిల్లలకు ఎన్ని రోజులు దొరికింది? ఇది సమాచార హక్కు చట్టం కింద ఒక్క దరఖాస్తుతో అడగదగిన ప్రశ్న. ఎస్సీ ఉప ప్రణాళిక నిధుల్లో ఆట స్థలాలకు ఎంత వెళ్లిందో జిల్లా వారీగా అడగడం దానికి తర్వాతి మెట్టు.

మూడోది, మన ఊరు. మీ మండలంలో బడి మైదానం సాయంత్రం ఎవరికి తెరుచుకుంటోంది, దళితవాడ పిల్లలు అక్కడ ఆడగలుగుతున్నారా, ఆడపిల్లలు ఆడగలుగుతున్నారా అన్నది చూసి రాయండి. ఇలాంటి చిన్న నివేదికలు పది మండలాల నుంచి వస్తే అది పరిశోధన అవుతుంది, కోర్టులో కాగితమూ అవుతుంది.

2024లో మేం ఆ గ్యాలరీలో కూర్చున్న సాయంత్రం, ఆట అయ్యాక మా పక్కనున్న విద్యార్థులకు బాలయోగి గురించి తెలిసినంత చెప్పాం. ఎదుర్లంక, స్పీకర్ కుర్చీ, కైకలూరు చెరువు. వాళ్లలో ఒకబ్బాయి ముమ్మిడివరం వాడు. ఆయన తమ నియోజకవర్గంలో గెలిచాడని అతనికి అప్పటిదాకా తెలియదు. బయటికి వస్తూ గేటు మీద పేరును ఫోన్‌లో ఫొటో తీసుకుని వాళ్ల నాన్నకు పంపాడు. మేం మెట్రో స్టేషన్‌కు వెళ్లే లోపే జవాబు వచ్చింది: ‘మనోడే రా’.